గరిట నా చేతిలో ఉంది, నన్ను పిలవకండి

ఇంటిపని తప్పించుకోవడానికి మగవాళ్ళు వేసే ఎత్తులు ఆడవాళ్ళకి తెలియనివి కావు. ఫోను చెవికి ఆనించుకుని బాల్కనీలోకి నడవడం, సరిగ్గా అంట్ల వేళకి నడుం పట్టేయడం, "నాకు చేతకాదు కదా" అని వినయంగా తల దించుకోవడం, ఇవన్నీ మా నాన్నగారి తరానికే పాతబడిపోయాయి. నేను మాత్రం వంటింట్లోనే, పొయ్యి ముందే, అందరి కళ్ళెదుటే గరిట పట్టుకుని మరీ పని ఎగ్గొట్టే మార్గం కనుక్కున్నాను. దాని పేరు రిసోట్టో.

మేముండేది మిలాన్‌లో. ఉద్యోగం మా ఆవిడది. ఆవిడ వీసా కొంగు పట్టుకుని వచ్చినవాణ్ణి నేను. ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేస్తుంటాను కాబట్టి నాకు పనేమీ లేదని ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం. శనివారం సాయంత్రం అయ్యేసరికి ఆ నమ్మకం మరీ ముదురుతుంది. ఈ ఊళ్ళో చెత్త పారేయడం కూడా ఒక చదువే. తడిచెత్త వేరు, గాజు వేరు, కాగితం వేరు, ప్లాస్టిక్కూ రేకు డబ్బాలూ కలిపి వేరు, ఎందులోనూ చేరనిది ఇంకా వేరు. అన్నీ విడదీసి, కింద పెరట్లో వరసగా నిలబెట్టిన డబ్బాల్లో వేసి రావాలి. దానికి తోడు ఇస్త్రీ బట్టలు, మా అమ్మాయి భిన్నాల లెక్కలు, ఎత్తితే గంటకి గానీ వదలని అమెరికా బావమరిది ఫోను. ఇన్నిటి నుంచీ ఒక్క దెబ్బతో విముక్తి ప్రసాదించే వంటని ఈ ఊరివాళ్ళు నేను వస్తానని ముందే తెలిసినట్టు కనిపెట్టి ఉంచారు.

దాని సూత్రం చిన్నది. మనం ఎసరు ఒకేసారి పోసి, మూత పెట్టి, వేరే పని చూసుకుంటాం. వీళ్ళు అలా చేయరు. వెడల్పాటి గిన్నెలో వెన్న కరిగించి, సన్నగా తరిగిన ఉల్లిపాయని రంగు మారకుండా మగ్గనిస్తారు. అందులో కడగని బియ్యం పోసి, గింజ చేతికి చుర్రుమనే దాకా వేయిస్తారు. అరగ్లాసు తెల్ల వైన్ పోస్తే సుయ్యిమని ఆవిరి లేచి, ఘాటు పోయి వాసన మిగులుతుంది. ఆ పైన పక్క పొయ్యి మీద సలసల కాగుతున్న కూరగాయల నీళ్ళని (వీళ్ళ మాటలో బ్రోదో) ఒక గరిటెడు పోయాలి, కలపాలి. అది ఇంకాక ఇంకో గరిటెడు పోయాలి, మళ్ళీ కలపాలి. ఇలా 16 నుంచి 18 నిమిషాలు. ఆ నిమిషాలు బియ్యం పొట్లం మీదే అచ్చేసి ఉంటాయి.

ఆ అచ్చే నాకు రక్ష.

"ఏమండీ, ఆ తడిచెత్త సంచి కాస్త కిందికి దించి రండి."

"ఇప్పుడా? ఇప్పుడే కదా బియ్యం తాగడం మొదలెట్టింది!"

"నాన్నా, మూడు బై నాలుగులోంచి రెండు బై అయిదు పోతే..."

"చెయ్యి ఆపితే అడుగంటుందమ్మా. అమ్మనడుగు."

ఫోను మోగుతుంది. బావమరిది. నేను మాటా మంతీ లేకుండా గరిట పైకెత్తి చూపిస్తాను. మా ఆవిడ నిట్టూర్చి ఫోను ఎత్తి, "మీ బావగారు వంట చేస్తున్నారురా" అంటుంది. అవతలి నుంచి ఆశ్చర్యం, ప్రశంస, నన్ను చూసి నేర్చుకోమని వాళ్ళావిడ దెప్పిపొడుపు, అన్నీ స్పీకర్లో వినపడుతుంటే నేను ఇంకాస్త శ్రద్ధగా కలుపుతాను.

నిజానికి ఆ వంటలో నా వంతు ఎంతో కూడా చెప్పాలి. బ్రోదో కోసం ఉల్లిపాయ, కారెట్, సెలెరీ మధ్యాహ్నమే మరగబెట్టి వడగట్టేది మా ఆవిడ. ఉల్లిపాయ తరిగేది మా అత్తగారు. మూడు నెలలుండి వెళ్దామని తణుకు దగ్గరి ఊరి నుంచి వచ్చారు, పాపం చేతులు కట్టుకుని కూర్చోలేరు. ఛీజు తురిమేది మా అమ్మాయి. వైన్ సీసా తెరిచేది మాత్రం నేనే, ఆ బాధ్యత ఇంకెవరికీ వదల్లేదు. ఇక అంట్ల సంగతికొస్తే, వండినవాళ్ళు కడగకూడదని మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఆ నియమం పెట్టింది ఎవరని అడక్కండి.

నిలబడి కలుపుతుంటే నోరు ఖాళీగా ఉంటుంది కదా. అందుకని ఉపన్యాసాలు ఇస్తుంటాను. గరిట పట్టినవాడికి ఎదురుచెప్పేవాళ్ళు తక్కువ. బియ్యంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాల పిండి పదార్థాలు ఉంటాయని, మొదటిది ఎక్కువుంటే మన సాంబమసూరిలా అన్నం పొడిపొడిగా వస్తుందని, రెండోది కరిగి నీళ్ళలో దిగి చిక్కబడుతుందని చెబుతాను. మన ఇళ్ళల్లో బియ్యం రెండుసార్లు కడిగి, ఉడికాక గంజి వార్చి వదిలించుకునే ఆ పదార్థం కోసమే ఇక్కడివాళ్ళు ఆరాటపడతారని, కడిగితే రిసోట్టోకి ప్రాణమే పోతుందని వివరిస్తాను. హోటళ్ళలో దీన్ని "క్రీమీ" అని రాసినా మిలాన్ ఇళ్ళల్లో చుక్క క్రీమ్ కూడా వేయరని, ఆ వెన్నలాంటి జారుదనమంతా గింజలోంచి వచ్చిందేనని వేలు పైకెత్తి చెబుతాను. ఆర్బోరియో గింజ లావు, ఇట్టే చిక్కబడుతుంది గానీ కాస్త ఏమరిస్తే చిమిడిపోతుంది. కార్నరోలిలో అమైలోజ్ ఎక్కువ, అందుకే గింజ నిలబడుతుంది. వెరోనా వైపు వాళ్ళు వియలోనె నానో అనే పొట్టి గింజ తప్ప వేరేది ముట్టుకోరు. ఇదంతా అయ్యేసరికి ఆరు నిమిషాలు గడుస్తాయి.

మిగతా నిమిషాలకి కుంకుమపువ్వు కథ ఉంది. మిలాన్ పెద్ద చర్చి దువోమో కిటికీలకి రంగుటద్దాలు చేస్తున్న వలేరియో అనే ఫ్లాండర్స్ పనివాడి దగ్గర ఒక కుర్రాడుండేవాడట. ఏ రంగు కలిపినా చిటికెడు కుంకుమపువ్వు వేయందే వాడికి తోచదు. "ఇలాగే ఉంటే రేపు అన్నంలో కూడా వేస్తావు" అని గురువు ఎగతాళి చేశాడట. 1574లో గురువుగారి అమ్మాయి పెళ్ళి విందులో వాడు అన్నంత పనీ చేశాడట. మిలాన్ పచ్చ రిసోట్టో అలా పుట్టిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. చరిత్రకారులు దీన్ని కట్టుకథ కిందే జమకడతారు. నేనిది భక్తిగా చెబుతూ, దుకాణంలో కొన్న చిన్న కాగితప్పొట్లంలోని కుంకుమపువ్వు పొడిని గరిటెడు బ్రోదోలో కలిపి ధారగా పోస్తాను. గిన్నె మొత్తం ఒక్క క్షణంలో బంగారు రంగుకి తిరుగుతుంది. మా అత్తగారు మాత్రం రంగు వంక చూడలేదు.

"పెళ్ళివారి అన్నంలో రంగు కలిపాడాండీ? మా వైపైతే పందిట్లోనే తన్నేవారు" అన్నారు.

అత్తగారి గురించి ఇక్కడ కాస్త విడిగా చెప్పుకోవాలి. ఆవిడ డెల్టా మనిషి. మే నెలలో అందరం కలిసి రైల్లో మిలాన్ నుంచి టొరినో వెళ్ళాం. నొవారా దాటాక కిటికీకి రెండు పక్కలా నీళ్ళు పెట్టిన వరిమళ్ళు మొదలయ్యాయి. కనుచూపు మేర గట్లు, కాలువలు, మడిలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు, వెనకాల మంచు తలపాగాలతో ఆల్ప్స్. ఆవిడ కిటికీకి అతుక్కుపోయారు. "ఈ నీళ్ళు ఎక్కడివండీ?" అన్నారు. నేను సందు దొరికింది కదా అని కవూర్ కాలువ గురించి అందుకున్నాను. పో నది నీళ్ళని ఈ పొలాలకి తెస్తుందని, 1866లో పూర్తయిందని చెప్పాను. "అయితే మన కాటన్ దొరే ముందు. ధవళేశ్వరం ఆనకట్ట 1852" అని తేల్చేశారు. ఆర్బోరియో అనేది ఈ వెర్చెల్లి జిల్లాలోనే ఒక ఊరని, బియ్యానికి ఆ ఊరి పేరే పెట్టారని చెబితే, "మనకి ఆత్రేయపురం పూతరేకుల్లాగా" అని తలూపారు.

ఆ మళ్ళల్లో ఒకప్పుడు కలుపు తీసిన ఆడకూలీలని మొందినే అనేవారు. 1949లో వచ్చిన రీసో అమారో సినిమా వాళ్ళ కథే. ఎండలో, నీళ్ళలో, దోమల మధ్య పొద్దస్తమానం నడుం వంచి పనిచేసి, వెర్చెల్లి ప్రాంతంలో ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడి సాధించుకున్నది వాళ్ళే. ఇది కూడా నేను మరుసటి శనివారం గరిట తిప్పుతూ, కాస్త గద్గదంగా చెప్పాను. అత్తగారు ఉల్లిపాయ తరగడం ఆపి నా వంక చూశారు.

"వాళ్ళు ఎనిమిది గంటలు వంగితే బియ్యం వచ్చాయండి. మీరు పావుగంట నిలబడి చెమట తుడుచుకుంటున్నారు."

నాకు అనుమానం రావలసింది అప్పుడే.

ఆవిడకి మొదటిసారి వడ్డించినప్పుడు ఇంకో తగాదా జరిగింది. రెండు మెతుకులు వేళ్ళ మధ్య నలిపి చూసి, "పలుకుందండి" అన్నారు. నేను గర్వంగా, "ఉండాలండి" అన్నాను. మనవాళ్ళు పలుకుంటే గిన్నె మళ్ళీ పొయ్యెక్కిస్తారు. వీళ్ళు పలుకు పోతే మొహం తిప్పుకుంటారు. ఈ విషయంలో నాకు సుప్రీంకోర్టు మా పై అంతస్తు సిన్యోరా. ఎనభై దాటిన మనిషి. పుట్టింది, పెరిగింది, మెట్టింది అంతా మిలానే. అప్పుడప్పుడు మాతో కలిసి భోంచేస్తారు. ఫోర్కుతో పళ్ళెం అంచు నుంచి మధ్యకి తింటూ వస్తారు. అంచు ముందు చల్లారుతుంది కదా, ఆ లెక్క. నా ఇటాలియన్ ఆవిడకి అర్థం కాదు, ఆవిడ మిలాన్ యాస నాకు అర్థం కాదు. మధ్యలో మా అమ్మాయి దుబాసీ. ఇక్కడి బడి భోజనంలోనే పచ్చ రిసోట్టో తింటూ పెరుగుతున్న పిల్ల కాబట్టి తన అభిప్రాయాలు కూడా కలిపి అనువదిస్తుంది.

"ఉప్పెక్కువైంది అంటోంది నాన్నా. గట్టిగా అయిపోయింది అంటోంది. నేను కూడా అదే అంటున్నాను."

గట్టిపడటం అసలు నేరం. రిసోట్టోని లోతు గిన్నెలో కాదు, చదును పళ్ళెంలో వడ్డించాలి. పళ్ళెం అడుగున అరచేత్తో రెండు దెబ్బలు తడితే అల కదిలినట్టు అంచుల దాకా జారాలి. అల్లోందా అని దాన్నే అంటారు. కదలకుండా కుప్పగా కూర్చుందంటే వంటవాడు ఓడినట్టు. ఆ జారుదనం తెచ్చేది ఆఖరి ఘట్టం. మంట ఆర్పేసి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లటి వెన్న ముక్కలు, తురిమిన ఛీజు వేసి, గిన్నె ఊపుతూ చెక్కగరిటతో దబదబా కలపాలి. వేడి గంజీ చల్లటి వెన్నా ఒకదాన్నొకటి పట్టుకుని నిగనిగలాడుతూ చిక్కబడతాయి. ఈ ఘట్టానికి మంతెకతూరా అని పేరు. తర్వాత మూతపెట్టి రెండు నిమిషాలు. ఇక్కడ మాత్రం నిజంగానే చెయ్యి నొప్పెడుతుంది. అంటే నేను పడే కష్టం మొత్తం ఒక్క నిమిషం.

ఛీజు దగ్గర ఒక చిక్కు వచ్చింది. అత్తగారు శాకాహారి. పార్మిజానో రెజ్జానో, గ్రానా పదానో రెండూ పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడి చేసేవే. ఈ సంగతి చాలామంది మన శాకాహారులకి తెలియదు. పొట్లం వెనక అక్షరాలు చదివి, వృక్షసంబంధమైన రెన్నెట్‌తో చేసిన గట్టి ఛీజు వెతికి తెచ్చాను. సంప్రదాయ మిలాన్ వంటలో వేసే ఎద్దు మూలుగ మా గిన్నె గడప తొక్కలేదు. మాంసం బ్రోదో కూడా అంతే. అందుకే సిన్యోరా మా వంటని మిలనేజె అని పిలవరు. "పచ్చ అన్నం" అంటారు. వైన్ సంగతి అత్తగారు అడగలేదు, నేను చెప్పలేదు. ద్రాక్షరసం వాసన వస్తోందని మాత్రం ఒకసారి అన్నారు. అవునన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని మా ఆవిడకి తెలియకుండా ఇంతకాలం కాపాడుకుంటూ వచ్చాను. రిసోట్టోని ఆపకుండా కలపనక్కర్లేదు.

ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం వేడి బ్రోదోలో ముప్పాతిక వంతు ఒకేసారి పోసి, సన్నసెగ పెట్టి, మూతేసి, సోఫాలో పడుకుని క్రికెట్ స్కోరు చూశాను. మధ్యలో ఒకసారి లేచి కలిపాను. ఆఖర్న మిగిలిన బ్రోదో పోసి, కుంకుమపువ్వు, వెన్న, ఛీజు వేసి దబదబా కలిపితే శనివారం నాటి రిసోట్టోకీ దీనికీ తేడా నాకే తెలియలేదు. గింజకి అంటుకున్న పిండి వేడికీ నీటికీ తనంతట తనే దిగుతుంది. దానికి నా కాపలా అవసరం లేదు. బ్రోదో వేడిగా ఉండాలి, గిన్నె వెడల్పుగా ఉండాలి, చివర్న బాగా కలపాలి. మధ్యలో మనిషి చెత్త దించి రావచ్చు. ఒక భిన్నం లెక్క చెప్పి రావచ్చు. బావమరిదితో మాట్లాడటం కుదరదు గానీ, అది ఏ వంటలోనూ కుదరదు.

ఇది తెలిశాక కూడా ప్రతి శనివారం గరిట పట్టుకుని నిలబడ్డాను. తెలియనప్పుడు నిలబడితే అమాయకత్వం. తెలిసీ నిలబడ్డాను కాబట్టే దీన్ని ఒప్పుకోలు అంటున్నాను.

నా కొంప ముంచింది కుక్కరు. అత్తగారు తణుకు నుంచి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చిన మూడు లీటర్ల కుక్కరు. కంపెనీ మీటింగులో నేను ఇరుక్కుపోయిన ఒక సాయంత్రం సిన్యోరా భోజనానికి వచ్చారు. ఫ్రిజ్‌లో బ్రోదో ఉంది, అల్మారాలో కార్నరోలి ఉంది, నేను లేను. అత్తగారు తొణకలేదు. కుక్కర్లోనే వెన్నలో ఉల్లిపాయ మగ్గబెట్టి, బియ్యం వేయించి, వైన్ జోలికి పోకుండా, గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల బ్రోదో పోసి మూత బిగించారు. ఒక్క విజిల్. తర్వాత సన్నసెగ మీద అయిదు నిమిషాలు. కుళాయి కింద పెట్టి ఆవిరి దించి, కుంకుమపువ్వు, వెన్న, ఛీజు వేసి నాలుగు తిప్పులు తిప్పారు. బియ్యం కడగలేదు. నా ఉపన్యాసాలు ఆవిడ ఎంత శ్రద్ధగా విన్నారో నాకు అప్పుడు తెలిసింది.

మీటింగులోంచి బయటపడి వచ్చేసరికి పళ్ళేలు వడ్డించి ఉన్నాయి. అత్తగారు పళ్ళెం అడుగున అరచేత్తో తట్టారు. అల కదిలింది. సిన్యోరా అంచు నుంచి మొదలుపెట్టి, మధ్య దాకా తిని, మిగిలినది కూడా గీకి తిన్నారు. తర్వాత ఏదో అన్నారు.

"ఒక్క నిమిషం ముందు దించాల్సిందట. అంతే అంది. నీకైతే ఇంకా చాలా చెబుతుంది కదా నాన్నా" అంది అమ్మాయి.

పరువు కోసం ఆఖరి ప్రయత్నంగా నేను సిన్యోరాని వంటింట్లోకి తీసుకెళ్ళి, పోలీసుకి దొంగని పట్టిచ్చినట్టు కుక్కరు చూపించాను. మిలాన్ ఆడపడుచుకి కోపం వస్తుందని, పూర్వీకుల పేరు ఎత్తుతారని ఆశ. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మొహమంతా నవ్వుతూ, "పెంతొలా ఆ ప్రెస్సియోనె!" అన్నారు. మిగతాది అమ్మాయి చెప్పింది. ఆవిడ దగ్గరా ఒకటుందట. పెళ్ళికి వచ్చిన బహుమతట. ఆదివారాలు, పండగలు తప్పిస్తే ఎప్పుడూ అందులోనే చేస్తుందట. పొద్దున్నుంచీ పనిచేసి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడి కలిపేంత తీరిక ఆడవాళ్ళకి ఎక్కడిదని అడిగిందట.

మా ఆవిడ ఏమీ అనలేదు. గోడ గడియారం వంక చూసింది, నా వంక చూసింది, లోపలికి వెళ్ళి తడిచెత్త సంచి తెచ్చి నా చేతికిచ్చింది.

పోయిన పదవి కోసం కొన్నాళ్ళు పోరాడాను. రిసోట్టో అల్ సాల్తో అని ఇంకో మిలాన్ వంట ఉంది. మిగిలిపోయిన పచ్చ రిసోట్టోని మర్నాడు పెనం మీద వెన్నలో పల్చగా నొక్కి, రెండు వైపులా కరకరలాడేలా కాల్చాలి. తిరగేయడంలో నేర్పు ఉంటుంది, అందుకు నా అవసరం తప్పదని వాదించాను. "అట్టు తిరగేయడమేగా, అమ్మమ్మకి వచ్చు" అంది అమ్మాయి. అక్కడితో ఆ దారి కూడా మూసుకుపోయింది. ఇప్పుడు శనివారం వంట అత్తగారిది. ఉల్లిపాయ తరిగేది నేను. అంట్లు కూడా నావే, ఎందుకంటే వండినవాళ్ళు కడగకూడదని మా ఇంట్లో నియమం ఉంది కదా.

నేను ఎలాగూ దొరికిపోయాను, మిగతా మగవాళ్ళు మాత్రం ఎందుకు సుఖపడాలి? అందుకని ఈ పత్రిక చదివే ఆడవాళ్ళకి ఒక మాట. నలుగురికి 320 గ్రాముల కార్నరోలి, లీటరుంపావు వేడి బ్రోదో చాలు. పొయ్యి మీద చేస్తే ఇంత, కుక్కర్లో చేస్తే గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు. ఛీజులో ఉప్పు ఉంటుంది కాబట్టి ఉప్పు ఆఖర్న రుచి చూసి వేయండి. మీ ఇంట్లో మగమనిషి గరిట పట్టుకుని, కదిలితే అడుగంటుందని, నన్ను పిలవద్దని అంటుంటే ఒక్కమాట కూడా నమ్మకండి. గరిట పక్కన పెట్టించి చెత్త సంచి చేతికివ్వండి. రిసోట్టోకి ఏమీ కాదు.